ఫ్యాను బెల్టు తెగిన రోజు

అరవైల మొదట్లో నేను ముత్తుకూరులో బడిపంతులుని. ఒకనాటి తెల్లవారుజామున నా భార్య శారదకు తొలి కాన్పయింది. బిడ్డ బాగానే ఉంది కానీ, శారదకు రక్తం ఆగలేదు. బిడ్డను మా అమ్మకిచ్చి, మధ్యాహ్నం మస్తానన్న టాక్సీలో శారదను నెల్లూరు ఆసుపత్రికి బయలుదేరదీశాను.

సగం దారిలో టప్పుమని చప్పుడైంది. మస్తానన్న దిగి బానెట్ ఎత్తి చూశాడు.

“ఫ్యాను బెల్టు తెగింది అయ్యోరూ. ఆగి చల్లార్చుకుంటా పోతే బండి దక్కుతాది. ఆగకుండా పోతే ఇంజను పట్టేస్తాది,” అన్నాడు.

ఆ కారే ఆయన బతుకుతెరువు. పొమ్మనడానికి నాకు నోరు రాలేదు. ఆయన వెనక సీట్లో తడిసిన దుప్పటి వంక చూసి, మళ్లీ బండెక్కి, ఇక ఎక్కడా ఆపలేదు. ఆవిరి కమ్ముకుంటే తల బయటపెట్టి నడిపాడు. నెల్లూరు పొలిమేరలో ఇంజను పెద్ద శబ్దం చేసి బిగుసుకుపోయింది. అక్కడి నుంచి రిక్షాలో ఆసుపత్రికి చేర్చాం. అరగంటకే శారద కన్నుమూసింది.

కర్మకాండ ముగిశాక మస్తానన్న ఇంటికి వెళ్లాను. ఇంజను ఇక పనికిరాదని మెకానిక్ చెప్పేశాడట. నేను ఏదో అనబోయేలోగా ఆయన తల వంచుకున్నాడు.

“బెల్టు చీలిందని ఆ పొద్దున్నే చూసినా అయ్యోరూ. ఇంకో రెండు దినాలు వస్తాదిలే అనుకున్నా. అమ్మను నేనే చంపినా.”

కారు పిలిపించమని ఆ పొద్దున్నే మంత్రసాని నాకు చెప్పింది. అదే తగ్గుతుందిలే అని మధ్యాహ్నం దాకా ఆగింది నేను. ఆ మాట చెప్పి ఉంటే ఆయన గుండె బరువు కొంతైనా దిగేది. చెప్పలేదు. ఆయన పోయాక, ఇప్పుడు మీకు చెబుతున్నాను.