దండ వేసిన టీం ఫోటో

మా అత్తగారి తరఫు చుట్టాల్లో ఎవరు ఎవరికి ఏమవుతారో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. కానీ స్లోవేనియా అనే దేశంలో, నేను ఎన్నడూ చూడని ఒక చిన్న ఊళ్ళో ఉన్న బాస్కెట్‌బాల్ క్లబ్బు పుట్టుపూర్వోత్తరాలు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఇదేమీ నేను కోరి సంపాదించిన పాండిత్యం కాదు. ఆఫీసులో నా బల్లకి అవతల ఇంకో కుర్చీ ఉండడం వల్ల వచ్చిన తిప్పలు.

బహ్రెయిన్‌లో ఒక బాస్కెట్‌బాల్ క్లబ్బులో నేను సెక్రటరీని. పేరు గొప్పగానే ఉంటుంది. ఆటగాళ్ళ వీసా కాగితాలు మొదలుకొని బాత్రూంలో గీజరు పాడైతే మెకానిక్‌ని బతిమాలడం దాకా అన్నీ నా నెత్తినే. మా ఆయన ఇక్కడే ఒక కంపెనీలో ట్రాన్స్‌పోర్టు సూపర్‌వైజరు. జగిత్యాల దగ్గర మా ఊరివాళ్ళకి మాత్రం మేమిద్దరం "దుబాయిల" ఉంటాం. బహ్రెయిన్ వేరే దేశమని చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి వదిలేశాను.

ఆ ఏడు మా క్లబ్బుకి స్లోవేనియా నుంచి కొత్త కోచ్ వచ్చాడు. అరవై దాటిన మనిషి. నున్నటి గుండు, గుమ్మం దాటాలంటే వంగాల్సినంత పొడుగు. ప్రాక్టీసు సాయంత్రమైతే ఆయన మధ్యాహ్నమే వచ్చి నా ఎదురు కుర్చీలో కూలబడేవాడు. ఆటగాళ్ళు ఆయన చెప్పే ఆటే వినరు, ఇక చరిత్ర ఏం వింటారు? మేనేజరు చెవికి ఫోను అతుక్కుపోయి ఉంటుంది. కదలకుండా ఒక చోట కూర్చుని, మొహమాటానికి తలూపే మనిషి ఆ బిల్డింగు మొత్తంలో నేనొక్కదాన్నే. దొరికిపోయాను.

ఆయన ఇంగ్లీషు మెల్లగా, ఆగి ఆగి వచ్చేది. రోజుకింత చొప్పున సాగేది కథ. వాళ్ళ ఊళ్ళో ఇనుము పోతపోసే ఫ్యాక్టరీ ఉండేదట. అందులో కార్మికులే క్లబ్బు పెట్టారు. హాలు లేదు, ఆరుబయట తారు కోర్టు. చలికాలం వస్తే కోర్టు నిండా మంచు. ఆట ఉన్న ఆదివారం ఫ్యాక్టరీ నుంచి పారలు తెచ్చుకుని, ముందు మంచు ఎత్తిపోసి, తర్వాత ఆడేవాళ్ళట. ఇది చెప్తూ ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బయట ఎండకి రోడ్డు కరిగిపోయేలా ఉంది, లోపల ఈయన మంచు కోసం ఏడుస్తున్నాడు. నేను ఏసీ ఇంకాస్త పెంచాను. అంతకన్నా ఏం చేయగలను?

తర్వాత డ్యూటీ దిగిన కార్మికులే ఇటుకలు మోసి హాలు కట్టుకున్నారు. అప్పటికి వాళ్ళదింకా పెద్ద దేశం, పెద్ద లీగు. రాజధాని టీములు వచ్చి ఈ చిన్న ఊళ్ళో ఓడిపోయి తిట్టుకుంటూ వెళ్ళేవి. ఒక ఏడు కప్పు కూడా గెలిచారు. అప్పుడు ఈయన ఆ టీంలో ఆటగాడు. ఆ తర్వాత దేశం ముక్కలైంది, లీగు చిన్నదైంది, ఫ్యాక్టరీని ఎవరో కొనుక్కుని మూసేశారు. ఇక అక్కడి నుంచి స్పాన్సర్ల పరంపర. వచ్చినవాడల్లా క్లబ్బు పేరుకి ముందు తన కంపెనీ పేరు తగిలించడమే. ఒకసారి బ్యాంకు, ఒకసారి ఇన్సూరెన్సు, ఇంకోసారి మాంసం సాసేజీల కంపెనీ. "అంటే ఛాతీ మీద సాసేజీలు వేసుకుని ఆడారా?" అని అడిగాను. "రెండు సీజన్లు," అన్నాడు చాలా సీరియస్‌గా. మా దగ్గర లీడర్లు కండువాలు మార్చడం చూసి పెరిగినదాన్ని కాబట్టి నాకు పెద్ద వింత అనిపించలేదు.

"జనం ఆ పేర్లు ఎప్పుడూ అనలేదు మేడం," అన్నాడు ఆయన. "హాల్లో కూర్చుని ఊరి పేరే అరిచేవాళ్ళు."

చివరికి స్పాన్సర్లు కూడా మొహం చాటేశారు, క్లబ్బు దివాలా తీసింది. సరే, కథ అయిపోయింది, ఇక నా ఫైళ్ళు నేను చూసుకోవచ్చని సంబరపడ్డాను. ఎక్కడ! మళ్ళీ అట్టడుగు లీగు నుంచి మొదలుపెట్టారట. ఊరి పిల్లలతో టీం కట్టి, ఈయనే జీతం లేకుండా కోచింగు ఇచ్చి, ఏళ్ళ తరబడి ఒక్కో మెట్టూ పైకి తెచ్చాడు. జీతం లేకపోతే పొయ్యి వెలగదు గనక ఆ తర్వాత మా ఎడారిలోకి వచ్చి పడ్డాడు.

ఒక మధ్యాహ్నం వచ్చి కూర్చుని ఏమీ మాట్లాడలేదు. నాకు భయం వేసింది.

"ఏమైంది కోచ్? ఒంట్లో బాగాలేదా?"

కొండకి అవతల ఇంకో ఊరుందట. ఆ ఊరి క్లబ్బంటే వీళ్ళకి పుట్టుకతో పడదు. ఇప్పుడు రెండు ఊళ్ళకీ డబ్బు లేదు కాబట్టి రెండు క్లబ్బులూ కలిపేసి ఒకటి చేద్దామంటున్నారు. కొత్త పేరు, కొత్త రంగు జెర్సీ. ఏ ఊరి పేరూ ఉండదు. వచ్చే శనివారం సభ్యులంతా హాల్లో కూర్చుని చేతులెత్తి తేల్చేస్తారు. కలిస్తే ఆయన క్లబ్బు ఉండదు. కలపాలనేవాళ్ళూ వద్దనేవాళ్ళూ దాదాపు చెరి సగం ఉన్నారని అక్కడి స్నేహితుడు ఫోన్ చేశాడు. ఈయన సభ్యుడే, కానీ చెయ్యి అక్కడుండి ఎత్తాలి. ఇక్కడి నుంచి ఎత్తితే లెక్కకి రాదు.

"లీవు పెట్టండి," అన్నాను.

ఇద్దరం మేనేజరు దగ్గరికి వెళ్ళాం. ఆయన బహ్రెయినీ, మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, గావా అనే అరబ్బు కాఫీ పోయించాడు, పిల్లాపాపల క్షేమం అడిగాడు. అంతా విన్నాక ఆదివారం సెమీఫైనల్ ఉందని గుర్తు చేశాడు. "ఇన్షాల్లా, సీజన్ అయ్యాక ఒక నెల వెళ్ళు," అన్నాడు. గల్ఫులో ఇన్షాల్లా అన్న మాటకి ఇన్నేళ్ళలో నాకు తెలిసిన అర్థం ఒకటే, ఇక కుర్చీలోంచి లేవచ్చని. లేచి వచ్చేశాం.

ఇక్కడ మా తెలుగు సంఘం గురించి చెప్పాలి. ఇంత చిన్న దీవిలో మాకు రెండు సంఘాలున్నాయి. మొదట ఒకటే ఉండేది. ఉగాది ఫ్లెక్సీలో ఒకాయన ఫోటో రెండో వరసలో పడింది. ఆయన మర్నాడే వేరే సంఘం పెట్టాడు. మా ఆయన మొదటి సంఘానికి జాయింట్ సెక్రటరీ. ఇంట్లో బల్బు మార్చమంటే ఖాళీ లేదంటాడు గానీ సంఘం పనంటే కాళ్ళు నేల మీద నిలవవు. ఆ శనివారమే ఈసా టౌన్‌లో ఒక స్కూలు గ్రౌండులో మా సంఘం ఆటల పోటీలు. ముఖ్య అతిథిగా పిలుద్దామనుకున్న డాక్టరుగారిని రెండో సంఘంవాళ్ళు ముందే ఎగరేసుకుపోయారు.

"మీ కోచ్‌ను పిలుద్దమా?" అన్నాడు మా ఆయన. "తెల్లోడు స్టేజి మీద గూసుంటె ఆ సంఘపోల్ల మొకాలు మాడిపోవాలె."

"ఆయన దుఃఖంలో ఆయనున్నడు. మీ లొల్లి ఆయనకెందుకయ్యా?" అని కసిరాను. కానీ తర్వాత ఆలోచిస్తే, ఆ రోజంతా గదిలో ఒక్కడే కూర్చుని ఫోను చూస్తూ కుమిలిపోయే కంటే నయమే అనిపించి నేనే అడిగాను. ఆయన ఒప్పుకున్నాడు. ఒక ఫోటో తెచ్చిచ్చాడు. కప్పు గెలిచిన ఏడు తీసిన బ్లాక్ అండ్ వైట్ ఫోటో, టీమంతా ఉంది. "అక్కడ ఓటు వేసే రోజు ఇది పదిమందీ చూసేలా పెట్టండి. ఇంకేమీ వద్దు," అన్నాడు.

మా ఆయన దాన్ని పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, కమిటీవాళ్ళకి అప్పగించాడు. అంతటితో ఊరుకోక, "మంచిగ అలంకరణ చేయిండ్రి" అని కూడా చెప్పాడట. ఆ ఒక్క మాటతో మా కొంప ముంచాడు.

శనివారం సాయంత్రం కోచ్‌ని మా కారులోనే తీసుకెళ్ళాం. దారిలో ఆయన ఫోనుకి మెసేజీ వచ్చింది. చదివి, ఆఫ్ చేసి జేబులో పెట్టుకున్నాడు. "ఏమైనా తెలిసిందా?" అన్నాను. "ముందు మీ ఫంక్షన్ చూద్దాం," అన్నాడు. ఇంకా తేలలేదు కాబోలు అనుకున్నాను.

గ్రౌండుకి వెళ్ళి స్టేజి వైపు చూద్దును కదా! సరస్వతీదేవి పటం పక్కన టీం ఫోటో. దానికి ఇంత లావు బంతిపూల దండ. ముందు దీపం. ఒక పక్క అగరొత్తులు. మా వాళ్ళ చేతికి ఫ్రేము కట్టిన పాత ఫోటో ఇచ్చి అలంకరించమంటే ఇంకేం చేస్తారు? చెయ్యి దానంతటదే దండ వైపు పోతుంది. అస్కర్ లేబర్ క్యాంపు నుంచి కబడ్డీ ఆడడానికి వచ్చిన మనవాళ్ళు పాపం చెప్పులు విప్పి మరీ దండం పెట్టుకుంటున్నారు.

"బుద్ధి ఉందా అయ్యా నీకు? బతికున్నోల్లకు దండేసిన్రు!" అని మా ఆయన్ని గిల్లాను.

"నేనెక్కడేసిన? అలంకరణ జెయ్యుమన్న గంతే!"

తీయించేలోపే అధ్యక్షులవారు మైకు అందుకున్నారు. ఆయనకి మైకు ఇవ్వడం తేలికే, తీసుకోవడమే కష్టం. ముఖ్య అతిథికి శాలువా కప్పాడు. ఆ పొడుగుకి చేయి అందక కుర్చీ ఎక్కి కప్పాడు. అప్పుడు అధ్యక్షులవారి చూపు దండ వేసిన ఫోటో మీద పడింది. గొంతు వెంటనే బరువెక్కించాడు.

"మన కోచ్‌గారి సహచరులు, ఈ మహానుభావులు ఇవాళ మన మధ్య లేరండీ. వారి ఆత్మశాంతి కోసం అందరం లేచి రెండు నిమిషాలు మౌనం పాటిద్దామండీ!"

జనం లేచి నిలబడ్డారు. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. ఎందుకంటే ఆ ఫోటోలో ఎడమ చివర, ఒత్తు జుట్టుతో, మీసాలతో నిలబడ్డ పొడుగాటి కుర్రాడు మరెవరో కాదు, ఈ కోచే. గుండు మనిషిలో ఆ జుట్టు మనిషిని ఎవరు పోల్చుకుంటారు? శాలువా కప్పుకుని, తల వంచుకుని, తన ఆత్మశాంతికి తనే నిలబడ్డాడు ఆయన.

మా వాళ్ళ రెండు నిమిషాలు ఏనాడు రెండు నిమిషాలు నిండాయి గనక. ఎవరిదో ఫోను మోగింది, ఎవరి పిల్లో సమోసా కావాలని ఏడ్చింది. అధ్యక్షులవారు అరనిమిషానికే "ఓం శాంతి, థాంక్యూ అండీ!" అనేసి, అదే ఊపులో లెమన్ అండ్ స్పూన్ పోటీకి ఆడవాళ్ళంతా రావాలని పిలిచారు.

కోచ్ మెల్లగా స్టేజి దిగి నా దగ్గరికి వచ్చాడు. "మేడం, ఇప్పుడు అందరూ ఎవరి కోసం నిలబడ్డారు?"

అది మా మర్యాద, అతిథికి అలాగే చేస్తాం అని సర్దేయొచ్చు. కానీ ఆ మొహం చూస్తూ అబద్ధం చెప్పలేకపోయాను. "మా దగ్గర మనిషి ఫోటోకి దండ వేస్తే ఆ మనిషి పోయాడని. మావాళ్ళు పొరపాటు పడ్డారు కోచ్. సిగ్గుతో చచ్చిపోతున్నాను. క్షమించండి."

ఆయన వెనక్కి తిరిగి ఫోటో వైపు చూశాడు. "అయితే నేను కూడా పోయానా?"

"మీరు కూడా."

పగలబడి నవ్వాడు. చుట్టుపక్కలవాళ్ళు తిరిగి చూసేంతగా నవ్వాడు. ఈలోగా మా ఆయన తప్పు దిద్దుకుందామని పరుగెత్తుకెళ్ళి దండ మీద చెయ్యి వేశాడు. కోచ్ చటుక్కున నవ్వు ఆపేశాడు.

"వద్దు. తీయొద్దని చెప్పండి."

మా ఆయన అలాగే ఆగిపోయాడు.

"కారులోనే తెలిసింది," అన్నాడు కోచ్. "చేతులెత్తారు. కలిపేశారు. మా క్లబ్బు ఇక లేదు."

దండ అలాగే వదిలి రమ్మని మా ఆయనకి సైగ చేశాను. "ఎవరూ ఏమీ అనలేదా?" అని కోచ్‌ని అడిగాను.

"కుర్చీలు సర్దేసి వెళ్ళమన్నారట. అందరూ భోజనానికి వెళ్ళిపోయారు. ఆ హాల్లో ఒక్కరు కూడా లేచి నిలబడలేదు మేడం. ఇక్కడ ఇంతమంది నిలబడ్డారు."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఎవరి ఊరో, ఎవరి ఆటో, నాకేమిటి సంబంధం? అయినా ఆ సాసేజీలవాడి మీదా, ఆ ఫ్యాక్టరీ మూసినవాడి మీదా, చెయ్యెత్తి భోజనానికి పోయిన ప్రతివాడి మీదా ఒళ్ళు మండిపోయింది.

"మీ ప్రెసిడెంటు రెండు నిమిషాలన్నాడు కదా?" అన్నాడు కోచ్.

"అన్నాడు."

"అది రెండు నిమిషాలు కాదు. మిగిలింది ఇప్పుడు నిలబడొచ్చా?"

ముగ్గురం ఫోటో ముందుకి వెళ్ళి నిలబడ్డాం. కోచ్ శాలువా తీసి మడిచి చేత పట్టుకున్నాడు. వెనకాల ఆడవాళ్ళు చెంచా నోట్లో పెట్టుకుని పరుగెడుతున్నారు, జనం ఈలలు వేస్తున్నారు, మైకులో అధ్యక్షులవారు ఎవరి నిమ్మకాయ పడిపోయిందో చెప్తున్నారు. రెండు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. కోచ్ కదల్లేదు. అయిపోయిందని ఆయనకి చెప్పడానికి మా ఇద్దరికీ నోరు రాలేదు.