సీసం కలిసిన కళాయి

పసుపులేటి ఏకాంబరాన్ని నేను మొదట చూసినది తిరుపతిలో, మా ఇంటి వాకిట. కళాయి పోయిన ఇత్తడి గిన్నెను చేతిలో పట్టుకొని నిలబడి ఉన్నాను. కళాయి పూసేవారు మా వీధికి రావడం మానివేసి చాలా కాలమైంది. ఎదురింట్లోకి అద్దెకు వచ్చిన ఆయన సైకిలు ఆపి, "ఇట్లియ్యండి టీచరమ్మా. మా కంపెనీలో ఒక్క మునక ఏపిస్తే అద్దమే" అన్నాడు.

ఆయన పనిచేసే చిన్న కర్మాగారంలో ఇత్తడి, రాగి సామగ్రికి కరెంటు సాయంతో తగరం, సీసం కలిసిన పూత వేస్తారు. మీటర్లలోకి, మోటార్లలోకి పోయే ఆ ముక్కలు చిలుము పట్టవు. వాటిపై టంకం చక్కగా నిలుస్తుంది.

"సీసం ఎందుకయ్యా?" అని అడిగాను.

"ఒట్టి తగరానికి కొన్నాళ్ళకు సన్నంగా మీసాలు మొలుస్తాయి టీచరమ్మా. ఆ మీసం పక్క తీగకు తగిలితే మిషను కాలిపోతాది. సీసం కలిపితే మొలవవు" అని తన మీసం దువ్వుకొన్నాడు. "నాకు మాత్రం సీసమూ పనిచేయల్యా."

తొట్టిలోని ద్రవం విషమని ఆయనకు తెలుసు. తొడుగులు లేకుండా దానిని ముట్టడు. ఒళ్ళు కడుక్కోనిదే పసిపిల్లలను ఎత్తుకోడు. ఆరిన పూత మాత్రం మన కళాయి వంటిదేనని నమ్మాడు. ఆ నమ్మకంతోనే నా గిన్నెకు, ఇరుగుపొరుగువారి గిన్నెలకు, పూతలపట్టులో ఉన్న అక్క సుబ్బులమ్మ పులుసు గిన్నెకు అభిమానంగా పూత వేయించి ఇచ్చాడు.

ఈ వేసవిలో పిండి రుబ్బే యంత్రాల భాగాలు పూతకు వచ్చాయి. వాటికోసం సీసం లేని తొట్టిని వేరుగా పెట్టారు. ఎందుకని ఏకాంబరం అడిగితే, "తిండి తగిలే సామాను గదప్పా! సీసం కడుపులోకి పోతే పిల్లోళ్ళ మెదడు దెబ్బ తింటాది. పులుపు తగిలితే ఇంకా బిన్నా, తొందరగా దిగుతాది" అన్నాడట మేస్త్రీ గిరిప్రసాద్.

ఏకాంబరం పని మధ్యలో వదిలి నేరుగా మా ఇంటికి వచ్చి, జరిగినదంతా దాచకుండా చెప్పాడు. వీధిలోని గిన్నెలన్నీ సాయంత్రానికి ఆయన చేతికి తిరిగి వచ్చాయి. సుబ్బులమ్మ మాత్రం ఇవ్వనన్నది. అది వారి తల్లి గిన్నె. తల్లి పోయిన నాడు అక్కాతమ్ములిద్దరూ దానికోసం పట్టుబట్టారు. సుబ్బులమ్మ మనవరాలు, మూడేళ్ళ హేమశ్రీ, రోజూ ఆ పులుసుతోనే అన్నం తింటుంది. సుబ్బులమ్మ కూతురికి నేను చదువు చెప్పాను కనుక, ఏకాంబరం నన్ను వెంటబెట్టుకొని బస్సెక్కాడు.

మేము వెళ్ళేసరికి గిన్నె పొయ్యిమీదనే ఉన్నది.

"వచ్చినావా? అమ్మ గిన్నె మీద నుంచి నీ కన్ను యాడికి పోతాది!" అన్నది సుబ్బులమ్మ. "తళతళా చేసి ఇచ్చినప్పుడే అనుకొన్నా, ఈడు ఊరికే చేసేవాడు కాదని. ఇప్పుడు విషమంట! టీచరమ్మను గూడా నమ్మించినావే!"

"నమ్మించలేదమ్మా, ఆయన చెప్పినది నిజం" అన్నాను. ఆమె వినలేదు.

"తప్పు నాదేక్కా. నీ కాళ్ళు పట్టుకొంటా."

"కాళ్ళు పట్టుకో. గిన్నె పట్టుకోవద్దు."

ఏకాంబరం పొయ్యి ముందు కూర్చున్నాడు. "సరే. నాకొద్దు, నీకాడే ఉండనీ. అడుగున ఒక బొక్క కొట్టి ఇస్తా. బొక్క పడిన గిన్నెకు నేను ఆశపడతానా?"

సుబ్బులమ్మ తమ్ముని ముఖంలోకి చూసింది. తల్లి వస్తువుకు ఒక సొట్ట పడినా ఓర్వని మనిషి ఆయన. ఆమె గిన్నె దించి, పులుసంతా గుంత తీసి పోసి, సుత్తి, మేకు తెచ్చి ముందు పెట్టింది. మొదటి దెబ్బ ఆయన వేయలేకపోయాడు. ఆమెయే వేసింది.

"దీంట్లో కనకాంబరం చెట్టు పెట్టుకొంటాలే. ఏడవబాకు" అన్నది.

ఆ తరువాత కొద్ది దినాలకే ఆయన నాయుడుపేటలో పనికి కుదిరి మా వీధి విడిచి వెళ్ళాడు. గిన్నెకు బొక్క కొట్టిన ఆనాడు సుబ్బులమ్మ వాకిట్లో, గడప పట్టుకొని మమ్మల్ని చూస్తున్న హేమశ్రీని చూపి, ఆయన నన్ను చివరిగా అడిగినది ఇది:

"రేపు పాపకు పెద్దాస్పత్రిలో రక్తం చూపించల్ల టీచరమ్మా. సూదంటే భయపడతాది. మీ ఒళ్ళో కూర్చోబెట్టుకొంటారా?"