టైలరమ్మ పట్టుకున్న దొంగ

వీధిలో అందరూ టైలరమ్మ అని పిలిచే ఆవిడకు లోకంలో రెండంటే పడదు. ఒకటి వంకర కుట్టు, రెండు మొగుడు చదివే మంత్రాల డిటెక్టివ్ నవలలు. మొదటిదైతే విప్పి మళ్ళీ కుట్టేది. రెండోదాన్ని ఏం చెయ్యాలో తోచక ముప్పై ఏళ్ళుగా మొగుణ్ణి సాధిస్తూ వచ్చింది. పోనీ ఆయనేమైనా పనీపాటా లేనివాడా అంటే, ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం. పగలంతా అచ్చుతప్పులు ఏరి, ఇల్లు చేరి మళ్ళీ పుస్తకమే పట్టుకునే మనిషిని ఏమనాలి? పద్నాలుగు భాగాలు! బట్టల బీరువాలో ఒక అర మొత్తం వాటిదే. ఆ కథల్లో మాంత్రికుడు పట్నంలో అద్దెగదిలో ఉంటూ దొంగల్ని పడుతుంటాడు. మంత్రం వేసినప్పుడల్లా పాపం గంటసేపు తుమ్ములు. “మీ జలుబు మనిషి ఇవాళ ఎవర్ని పట్టుకున్నాడు?” అని దెప్పేది టైలరమ్మ.

అలాంటి మనిషికి మూడు నెలల కిందట పక్షవాతం వచ్చింది. కుడికాలు కొంచెం కొంచెంగా తేరుకుంటోంది గానీ, మాట పడిపోయింది. చెప్పిందంతా అర్థమవుతుంది. బదులు చెబుదామని నోరు తెరిస్తే గాలి తప్ప అక్షరం రాదు.

వారానికి రెండుసార్లు మాటలు నేర్పే అమ్మాయి వచ్చేది. మంచి పిల్ల, ఓపిక కూడా ఎక్కువే. బొమ్మల కార్డులు చూపించి, “అంకుల్, ఇదేంటో చెప్పండి” అనేది. కుర్చీ. గ్లాసు. దిండు. వేల పేజీలు దిద్దినవాడు దిండు దగ్గర ఓడిపోయాడు. నాలుగుసార్లు ప్రయత్నించాడు. ఐదోసారి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత ఆ అమ్మాయి వస్తే చాలు, కళ్ళు మూసుకునేవాడు.

“ఆంటీ, మాట ఆయన లోపలే ఉంది,” అంది ఆ అమ్మాయి ఒకరోజు గుమ్మం దగ్గర, గొంతు తగ్గించి. “కానీ ఆయన ప్రయత్నమే మానేస్తే అది అక్కడే ఉండిపోతుంది. నా భయమంతా అదే. ఆయనకి దేనిమీద ఇష్టమో అది పట్టుకోండి.”

విసుక్కుంటూనైనా సరే, ఆయన తనతో మళ్ళీ ఒక్క మాట మాట్లాడితే చాలు. అంతకంటే టైలరమ్మకు ఏమీ అక్కర్లేదు.

మర్నాడు మధ్యాహ్నం కుట్టుమిషను మూసి, బీరువా తెరిచి, అట్ట బాగా నలిగిపోయిన పుస్తకం ఒకటి తీసింది. ఐదో భాగం. కొలతల నోట్‌బుక్కు తప్ప మరొకటి చదివి ఎన్నాళ్ళయిందో, వేలు పెట్టి పంక్తి పంక్తీ పైకి చదవసాగింది. ఆరంతస్తుల మేడలో నాలుగో అంతస్తు తెల్లారేసరికి మాయమైంది, కాపురాలతో సహా. లిఫ్టు మూడు దాటగానే అయిదుకు పోతోంది.

“నాలుగోది లేకపోతే అయిదోవాళ్ళు దేనిమీద నిలబడ్డారండీ? రాసినవాడికి బుద్ధుండక్కర్లా?”

ఆయన కళ్ళు నవ్వాయి. మూడు నెలల్లో అదే మొదటిసారి.

మంత్రం పేజీన్నర ఉంటే ఆమె గుట్టుచప్పుడు కాకుండా దాటేయబోయింది. ఆయన ఎడమచేత్తో మంచం మీద టకటకా కొట్టాడు. “సరే సరే, చదువుతున్నా. ఈ తుమ్ములు కూడా చదవాలా?” చదవాల్సిందే.

మూడోరోజుకు టైలరమ్మకు పిచ్చి పట్టింది. రవికలకు చేతులు కుడుతూ కూడా ఆ అంతస్తు గురించే ఆలోచన. దొంగెవరో కూడా తేల్చేసింది. మాంత్రికుడికి గది అద్దెకిచ్చిన ముసలావిడ! తుమ్మితే తిడుతుంది, తిట్టి వేణ్ణీళ్ళు తెచ్చిపెడుతుంది.

“తాళాలగుత్తి ఎవరి దగ్గరుంటే దొంగ వాళ్ళే. ఆ వేణ్ణీళ్ళు ఊరికే ఇస్తోందా? వీడో వెర్రిబాగులవాడు, తాగేస్తున్నాడు.”

ఆయన తల అడ్డంగా ఊపాడు. పుస్తకంలో తల దూర్చినావిడకు అది కనిపిస్తేగా! బట్టలివ్వడానికి వచ్చినవాళ్ళకు కూడా ఆ ముసలావిడ ఎంత జిత్తులమారిదో చెప్పడం మొదలుపెట్టింది. మంచం మీద ఆయన వింటూ మెలికలు తిరిగిపోయేవాడు. ఆ పుస్తకం ఆయన మూడుసార్లు చదివాడు మరి.

ఎనిమిదోరోజున పోలీసులు ముసలావిడను ప్రశ్నించే ఘట్టం వచ్చింది. ఆవిడ చేతులు తుడుచుకుంటూ తలుపు తీసింది.

“చూశారా!” టైలరమ్మ పుస్తకం మీద గుద్దింది. “గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటోంది! నే చెప్పలా? ముసలి దొంగ! ఇలాంటిదాన్ని జైల్లో వేసి…”

“కా…”

ఆమె గుమ్మంవైపు చూసింది. ఎవరూ లేరు.

“కా… దు.”

ఆయన మొహం కందగడ్డలా ఉంది. నుదుటి మీద చెమట. మెడనరాలు బిగుసుకున్నాయి. “ఆ… విడ… కాదు!”

టైలరమ్మ చేతిలో పుస్తకం ఒళ్ళోకి జారింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. ఇంకో మాట కావాలి. దొరికినప్పుడే ఇంకొక్కటి.

“ఆవిడ కాదా? మరెవరండీ? మీకు తెలుసుగా! పేరు చెప్పండి, ఒక్క పేరు!”

ఆయన పెదాలు కదిలాయి. ఆ పేరు కోసం ఆమె ముందుకు వంగింది. ఆయన తన చెయ్యి మెల్లగా విడిపించుకుని, ఆమె ఒళ్ళో ఉన్న పుస్తకాన్ని ముందుకు తోశాడు.

“చదువు,” అన్నాడు.