ఆర్డిస్‌కూ అదే జబ్బు

ఆర్డిస్ నూట్సన్‌కు ఉన్న జబ్బు ఒక్కటే. ఎదుటివాళ్ళకు ఏ జబ్బుంటే అది తనకూ ఉందనడం. ఉందని ఊరుకున్నా బాగుండేది, మీకంటే ఓ పాలు ఎక్కువే ఉందంటుంది. మీకు ఒక మోకాలు నొప్పయితే ఆవిడకు రెండూను. మీకు కాల్షియం తక్కువైతే ఆవిడకు కాల్షియంతో పాటు మెగ్నీషియమూ, జింకూ కూడా తక్కువే. ఇన్ని తక్కువైన మనిషి, ఎనభయ్యోపడిలో, ఇంటికప్పు మీద పేరుకున్న మంచును నిచ్చెనెక్కి పారతో ఎలా తోస్తోందని మా ఊళ్ళో ఎవరూ అడగలేదు.

అడగకపోవడానికి కారణముంది. మాది ఉత్తర డకోటాలో బీట్‌దుంపలు పండించే ఊరు. మా తాతలు నార్వే నుంచి వస్తూ వెంట తెచ్చుకున్న ఆస్తి "ఫర్వాలేదు" అన్న మాట ఒక్కటే. ఎవరడిగినా, ఎలా ఉన్నా, మా జవాబు అదే. కోతయంత్రంలో బొటనవేలు పోయిన రోజున మా మేనమామ "ఫర్వాలేదు, ఇంకో తొమ్మిదున్నాయి" అని చెప్పి, పోసిన కాఫీ పూర్తిగా తాగి మరీ ఆస్పత్రికి బయల్దేరాడు. అలాంటి ఊళ్ళో "నాకు నొప్పిగా ఉంది" అని నోరు తెరిచి చెప్పే మనిషి ఆర్డిస్ ఒక్కతే. అదీ ఇతరుల నొప్పి.

ఆవిడ గురించి రాయడానికి నాకు అర్హతలున్నాయి. ఒంటిగది బడిలో ఎనిమిదో తరగతి దాకా ఆవిడ వెనక బల్ల మీదే కూర్చుని చదివాను. స్పెల్లింగు పోటీలో కౌంటీ మొత్తానికీ మొదటి బహుమతి నాదే. ఆ తర్వాత ఏళ్ళ తరబడి టౌన్‌షిప్ బోర్డుకు అధ్యక్షుణ్ణి. ఊరికి దక్షిణాన రోడ్డు కింద ఉన్న మోరీ నా హయాంలో వేయించిందే, ఇప్పటిదాకా ఇంచీ కదల్లేదు. కాబట్టి చూసింది చూసినట్టు రాయగలవాణ్ణి.

కొన్నేళ్ళ కిందట మా ఊరి బడికి కొత్త పంతులమ్మ వచ్చింది. పాలిపోయిన పిల్ల. ఒంట్లో ఇనుము తక్కువని డాక్టరు చెప్పాడట.

"నాకూ అంతే," అంది ఆర్డిస్. "నీకు తక్కువే కదా. నాకసలు లేదు. అయస్కాంతం పెట్టి చూసుకున్నా."

"అసలు లేకపోతే మనిషి బతకడండీ."

"నాకూ అదే ఆశ్చర్యంగా ఉంది తల్లీ."

ఇక ఆ చలికాలమంతా వారం వారం కాలేయం వండిన గిన్నె పట్టుకుని పంతులమ్మ గది తలుపు తట్టడమే పని. "ఒక్కదాన్నే తింటే నాకు ఒంటబట్టదు. నువ్వు ఎదురుగా కూర్చుని తినాలి," అనేది. పాపం, ఎక్కడి పిల్లో వచ్చి ఆర్డిస్ చేతికి చిక్కిందని అందరం జాలిపడ్డాం. వసంతానికి ఆ పిల్ల బుగ్గలు ఎర్రబడ్డాయి. కోపంతోనని అనుకున్నాను నేను.

తర్వాత మా పాస్టరు భార్య సంగతి. నడి ఎండాకాలంలో కూడా ఆవిడవి మణికట్టు దాకా చేతులున్న గౌన్లే. ఓ ఆదివారం చర్చి కింది గదిలో కాఫీ పోస్తుంటే గౌను చెయ్యి పైకి జరిగి, మోచేతి మీద ఎర్రటి మచ్చ, దాని మీద తెల్లటి పొలుసులు బయటపడ్డాయి. అందరి చూపులూ అక్కడే.

"సోరియాసిస్," అంది ఆవిడ తల దించుకుని.

"నాకూ అదే!" అంది ఆర్డిస్, తప్పిపోయిన చెల్లెలు దొరికినట్టు. "మోచేతి మీదంటే అదృష్టవంతురాలివి. నాకెక్కడుందో చెబితే ఇక్కడెవరూ కాఫీ ముట్టరు. చూపించనా?"

"వద్దు!" అన్నాం అందరం. ప్రార్థనలో కూడా మాకు అంత ఐకమత్యం ఎప్పుడూ కుదరలేదు.

"అంటుకుంటుందేమో?" అన్నారెవరో నెమ్మదిగా.

"అంటుకునేదైతే మా ఆయనకు అంటుకోదూ? ఇన్నేళ్ళు పక్కన పడుకుని, ఒక్క గురక తప్ప ఏ జబ్బూ లేకుండా పోయాడు."

పాస్టరు భార్యకు నవ్వాగలేదు. మరుసటి ఆదివారం పొట్టి చేతుల గౌను వేసుకొచ్చింది.

మా ఆవిడ లోర్నాకు ఎముకలు గుల్లబారి, జారిపడితే కుడి మణికట్టు విరిగింది. మర్నాడు పొద్దున్నే ఆర్డిస్ ఎడమచేతికి గుడ్డ చుట్టుకుని మా వాకిట్లో నిలబడింది. "నాకూ విరిగింది. ఇద్దరి చేతులూ కలిపితే ఒక మనిషవుతాం. పద, లెఫ్సే రొట్టెలు వత్తుదాం." ఒకరు పట్టుకుంటే ఒకరు వత్తారు. ఊరందరికీ సరిపోయేన్ని చేశారు. వంటిల్లంతా పిండి. తుడిచింది నేను.

ఊరి ధాన్యం గోదాము ఆఫీసులో మగవాళ్ళం కాఫీ తాగుతూ ఏదో మాటల్లో ప్రోస్టేటు గురించి అనుకుంటుంటే, కోళ్ళ దాణా కోసం వచ్చిన ఆర్డిస్ గుమ్మంలోంచే "నాకూ వాచింది," అంది. ఎవరూ నవ్వలేదు. ఒకాయన చక్కెర ఇటివ్వమన్నాడు.

ఇక అసలు సంగతి సెల్మర్ కన్ను.

సెల్మర్ టోర్గర్సన్‌ది నా పక్క పొలం. పెళ్ళి చేసుకోలేదు. అక్టోబరు, దుంపలు తవ్వే రోజులు. గోదాము ఆఫీసుకు కాఫీకి వచ్చాడు, నెత్తిన టోపీ లేదు. సెల్మర్ నెత్తిని నేను పెళ్ళిళ్ళలోనూ చావుల్లోనూ తప్ప చూసి ఎరగను.

"టోపీ ఏదిరా?"

"బండిలో ఉంది."

"ఈ చలిలోనా?"

"ఫర్వాలేదు."

బిస్కత్తు తీసుకున్నాడు. రెండు నములు నమిలి, దవడ పట్టుకుని, మిగతాది బల్ల మీద పెట్టేశాడు.

"పన్నా?"

"కాదు. నమిలితే దవడ లాగేస్తోంది. కణత దగ్గర తలనొప్పి. టోపీ కాదు కదా, దువ్వెన తగిలినా ఓర్చుకోలేను. పొద్దున కుడికంటికి తెర పడినట్టయింది. కాసేపే. మళ్ళీ కనబడింది."

పుట్టి బుద్ధెరిగాక సెల్మర్ తన ఒంటి గురించి అంత మాట్లాడటం నేను వినలేదు. భయం వేసింది.

"డాక్టరు దగ్గరికి పదరా."

"దుంపలున్నాయి. నేల గడ్డకట్టిందంటే అన్నీ లోపలే ఉండిపోతాయి. తవ్వడం అయ్యాక చూద్దాం."

"ఈలోగా కన్ను పోతే?"

"రెండోది ఉందిగా."

బోర్డు అధ్యక్షుడిగా చేసినవాణ్ణి, ఎంతమందినో ఒప్పించినవాణ్ణి. నా శక్తంతా పెట్టి చెప్పాను. సెల్మర్ శ్రద్ధగా విని, వెళ్ళడానికి లేచాడు.

అప్పటికి ఆర్డిస్ గుమ్మంలో ఉంది.

"ఎవరికి తెర పడింది?"

"నాకేలే. ఫర్వాలేదు."

"నాకూ పడింది! నీకు ఒక కంటికేనా? నాకు రెండింటికీ."

"మరి కారెలా నడుపుకొచ్చావు?"

"అలవాటు మీద," అంది. "ఇందాక ఏదో గోడ పక్కన ఆపాను. అది కార్లు పెట్టే చోటేనా?"

కిటికీలోంచి చూశాను. గీతల మధ్య కొలిచినట్టు నిలబెట్టి ఉంది.

సెల్మర్ మళ్ళీ కూర్చున్నాడు. "డాక్టరుకి చూపించుకోవాలి ఆర్డిస్. ఇది మంచిది కాదు."

"ఎవరు తీసుకెళ్తారు? నాకెవరున్నారు?"

"ఆల్విన్ ఉన్నాడుగా," అన్నాడు నన్ను చూపించి.

"ఆల్విన్‌తోనా? దారి పొడుగునా మోరీ గురించి చెబుతాడు. అంతకన్నా గుడ్డితనం నయం. నువ్వే రావాలి సెల్మర్."

మా ఊళ్ళో తన కోసం పంట పని ఆపినవాడు లేడు. పక్కవాళ్ళ కోసం ఆపనివాడూ లేడు. సెల్మర్ బండి తాళాలు తీశాడు. తాళాలు నేను లాక్కున్నాను. ఒకరికి కన్నున్నర, ఇంకొకరికి అసలే లేదు. తోలేది నేనన్నాను. దారిలో మోరీ వచ్చింది. కొంచెమే చెప్పాను.

ఆస్పత్రిలో నర్సు జొలీన్ ఆర్డిస్‌ను చూడగానే బల్ల వెనకనుంచి లేచి వచ్చింది.

"రండి ఆర్డిస్ గారూ. ఈసారి ఎవరు?"

"నేనే. ఇతనికీ అదే జబ్బు. కణతల దగ్గర నొప్పి, నమిలితే దవడ లాగడం, కంటికి తెర. ముందు ఇతన్ని చూడండమ్మా, ఇతనికి దుంపల పనుంది. నేను ఆగగలను."

తెర అన్న మాట వినగానే జొలీన్ సెల్మర్ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. మేమిద్దరం మిగిలాం. "ఈసారి ఎవరు" అన్న మాట నా చెవిలో తిరుగుతోంది. పంతులమ్మ, పాస్టరు భార్య, మా లోర్నా, ఒక్కొక్కరే కళ్ళముందుకు వచ్చారు. స్పెల్లింగులో మొదటివాణ్ణే గానీ, ఇది కూడబలుక్కుని చదవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

ఆర్డిస్ ఏదో పత్రిక తీసి, చీమకాళ్ళంత అక్షరాలు కళ్ళద్దాలు లేకుండా చూస్తోంది. చాలాసేపైనా పేజీ తిప్పలేదు.

"నీ కళ్ళెలా ఉన్నాయి ఆర్డిస్?"

"ఫర్వాలేదు," అంది మెల్లగా. ఆ మాట ఆవిడ నోట వినడం అదే మొదలు. పత్రిక మీంచి కళ్ళెత్తి, "మనం ఆలస్యం చెయ్యలేదు కదా?" అంది.

డాక్టరు బయటికి వచ్చాడు. కణత దగ్గరి రక్తనాళం వాచిందట. పరీక్షల దాకా ఆగకుండా మందు వేసేశాడట. ఇంకొన్నాళ్ళు ఊరుకుంటే కన్ను పోయేదనీ, పోయింది మళ్ళీ రాదనీ చెప్పాడు. ఆర్డిస్ పత్రిక మూసేసింది.

వెనకే సెల్మర్ వచ్చి కుర్చీలో కదలకుండా కూర్చున్నాడు. "నా సంగతి సరే డాక్టరు గారూ. ఈవిడకు రెండు కళ్ళూను. నాకంటే ముదిరింది. ఈవిణ్ణి చూడందే నేనిక్కణ్ణించి లేవను."

డాక్టరు ఆర్డిస్ వైపు చూశాడు. ఆర్డిస్ నేల వైపు చూసింది. ఆయన ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్ళి, కాసేపటికి ఒక సీసాతో బయటికి తెచ్చాడు. కాల్షియం బిళ్ళలు. చీటీ నాకు కనిపిస్తూనే ఉంది.

"నాకిచ్చిన మందేనా?" అన్నాడు సెల్మర్.

"ఇంకా ఘాటైనది," అన్నాడు డాక్టరు మొహంలో ఏ మార్పూ లేకుండా. "సమయానికి తెచ్చారు."

సెల్మర్ కన్ను దక్కింది. దుంపలు ఊరంతా కలిసి తవ్వాం, ఎక్కువ ట్రక్కులు తోలింది నేనే. ఆర్డిస్‌ను గుడ్డితనం నుంచి తాను ఎలా కాపాడాడో సెల్మర్ ఇప్పటికీ కనబడినవాళ్ళకల్లా చెబుతుంటాడు. పక్కనే ఉంటే ఆర్డిస్ కూడా "అవునమ్మా, సెల్మర్ లేకపోతే నా గతేం కాను," అంటుంది. నేను నోరు మూసుకుని వింటాను. నేను సాధించినవాటిలో ఇదీ ఒకటి.

మందు నెమ్మదిగా తగ్గించాలి గనక నెలనెలా సెల్మర్ రక్తం పరీక్ష చేయాలి. మొన్న గోదాములో, డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్తున్నావురా అని అడిగాను.

"గురువారం ఆర్డిస్‌ను చూపించాలి," అన్నాడు. "ఎలాగూ వెళ్తాం కదా, నేనూ ఓ సూది పొడిపించుకుని వస్తా. ఏం చెయ్యను మరి, తోడు లేకపోతే వెళ్ళదురా ఆవిడ. ఒట్టి మొండిమనిషి."