ఒరేయ్ అంటూ క్షమాపణ

శేషగిరిగారు బందరులో ఒక కాలేజీ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. కానీ ఊళ్ళో అందరికీ ఆయన జమీందారుగారే. ఏటా టౌన్‌హాల్లో వేసే పాత నాటకంలో ఇరవై రెండేళ్ళుగా ఆ వేషం ఆయనది. పట్టు కండువా, చేతికర్ర సొంతవే. దర్పం కూడా సొంతమేనని గిట్టనివాళ్ళు అనేవారు, అదీ నిజమే.

నాటకం కథ చిన్నది. కొడుకు చేసిన దొంగతనాన్ని జమీందారు పాలేరు వెంకన్న మీదికి నెట్టేస్తాడు. వెంకన్న జైలుకెళ్ళి వస్తాడు. ఆఖరి రంగంలో జమీందారు కుర్చీలోంచి కదలకుండానే "ఒరేయ్ వెంకా, నన్ను మన్నించరా" అంటాడు. జనం కళ్ళు తుడుచుకుంటారు.

ఈ ఏడు నాటకం ఆడిస్తున్న, అదే కాలేజీ తెలుగు లెక్చరరు మాధురి రిహార్సల్లో అక్కడే ఆపింది.

"క్షమాపణ అడిగేవాడు ఒరేయ్ అంటాడా మావయ్యగారూ?"

"రాసిందే చెప్తున్నానమ్మా. జమీందారు పాలేరుని గారు అంటాడా ఏంటి?"

"అనడు. అందుకే అది క్షమాపణేనా అని నా అనుమానం."

శేషగిరిగారికి చిర్రెత్తుకొచ్చింది. ఎందుకో ఆయనొక్కడికే తెలుసు.

ముప్పై ఏళ్ళ కిందట ఒక సాయంత్రం ఆయన పిల్లల సర్టిఫికెట్ల కట్టను బీరువాలో పెట్టకుండా కిటికీ పక్క బల్ల మీద వదిలేసి, కిటికీ కూడా వెయ్యకుండా, ఆఫీసుకు తాళం పెట్టుకుని ఇంటికెళ్ళిపోయారు. రాత్రి కొట్టిన వానకి కట్టంతా నాని ముద్దయింది. ప్రిన్సిపాల్ నిలదీస్తే "అటెండరు భూషణం కిటికీ వెయ్యలేదండీ" అనేశారు. గుమాస్తా చెప్పాక అటెండరు మాట ఎవరు వింటారు? భూషణాన్ని మూడు నెలలు సస్పెండ్ చేశారు. పెడనలో కలంకారీ షెడ్డులో గుడ్డల మీద అచ్చులు కొట్టి ఇల్లు గడుపుకున్నాడు. మళ్ళీ ఉద్యోగంలో చేరాక శేషగిరిగారికి రోజూ అదే బల్ల మీద టీ తెచ్చిపెట్టాడు. పల్లెత్తు మాట అనలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే శేషగిరిగారు రిటైరైపోయారు. ఆయన శేషగిరిగారట, ఇతను ఉత్త భూషణమట. కథ చెప్పేవాళ్ళకీ ఆ అలవాటు పోలేదు.

ఆదివారం సాయంత్రం హాలు నిండింది. కాలేజీలో పనిచేసినవాళ్ళందరికీ మాధురి పాసులు పంపింది. ఆఖరి రంగానికి తెర లేచేసరికి రెండో వరుసలో భూషణం కనిపించాడు. వెంకన్న వేషంలో ఉన్న వీరేంద్ర వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. శేషగిరిగారు నోరు తెరిచారు.

"భూషణంగారూ..."

పక్కనుంచి ప్రాంప్టరు "ఒరేయ్ వెంకా, ఒరేయ్ వెంకా" అని కంగారుగా అందిస్తున్నాడు. శేషగిరిగారు కుర్చీలోంచి లేచారు.

"తప్పు నాదండీ. మీమీద వేశాను. మన్నించండి."

వీరేంద్ర బిక్కచచ్చిపోయాడు. జనం మాత్రం ఇది మాధురి చేసిన మార్పనుకుని హాలు అదిరేలా చప్పట్లు కొట్టారు. రెండో వరుసలో ఒకే ఒక్క మనిషి కొట్టలేదు.

శేషగిరిగారు మొహాన రంగైనా కడుక్కోకుండా గేటు దగ్గరికి పరుగెత్తి ఆ మనిషిని అందుకున్నారు.

"విన్నారా?"

"విన్నానండీ. బాగా చెప్పారు. కాకపోతే మా ఆవిడ నాటకానికి రాలేదండీ."

"మీ ఆవిడా?"

"మబ్బు పడితే చాలు, కిటికీ వేశావా అని ఇప్పటికీ నాలుగుసార్లు అడుగుద్దండీ. నా తప్పు కాదని మొత్తుకున్నా నమ్మలేదు. అంత పెద్ద గుమాస్తాగారు అబద్ధమాడతారా అంటది."

శేషగిరిగారికి తల కొట్టేసినట్టయింది.

మర్నాడు పొద్దున్నే పెడన బస్సెక్కారు. ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి, వసారాలో నిలబడే భూషణంగారి భార్య సువర్ణకు జరిగిందంతా చెప్పారు. స్టేజీ గొంతు రాలేదు. రెండు నిమిషాల్లో అయిపోయింది. ఇంతేనా, దీనికా ముప్పై ఏళ్ళు అనిపించి ఆయనకు సిగ్గేసింది.

సువర్ణ భర్త వైపు తిరిగింది.

"నువ్వు చెప్తూనే ఉన్నావు కదయ్యా. నేనే వినలేదు."

భూషణంగారు కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు. కాసేపటికి ఆవిడ లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేసింది.

"కూర్చోండి గుమాస్తాగారూ. మా కోడలు డ్వాక్రా మీటింగుకెళ్ళింది. వచ్చాక మళ్ళీ చెప్పాలి మీరు. మీ మావయ్యకి మతిమరుపని దానికీ నేనే నూరిపోశాను."

"చెప్తానమ్మా. ఎన్నిసార్లయినా చెప్తాను."

ఆయన గుండెల మీద కుంపటి దిగిపోయింది. స్టేజీ మీద ఆయన పద్యాలకు బోలెడు వన్స్‌మోర్లు పడ్డాయి గానీ, ఒక్కదానికీ ఇంత హాయిగా ఒప్పుకున్న పాపాన పోలేదు.

కోడలు వచ్చింది. పక్కింటి ఇద్దరు కూడా ఏంటా అని వచ్చి నిలబడ్డారు. శేషగిరి కుర్చీలోంచి లేచాడు.

"కిటికీ వెయ్యంది నేనండీ" అని మొదలుపెట్టాడు.