గ్రాండ్ రివర్ రోడ్డు మీద ప్రేమజ్యోతి

మిషిగన్ చలికాలాన్ని ప్రేమజ్యోతి మొదట్లో లెక్కచెయ్యలేదు. బందరు మిషన్ ఆసుపత్రిలో ఎనిమిదేళ్ళు నర్సుగా చేసిన మనిషి. డెబ్భై ఏడు ఉప్పెన తర్వాత మూడు వారాలు మోకాలిలోతు బురదలో తిరిగి కట్లు కట్టింది, గంజి పోసింది. అలాంటిది దూదిలా రాలే మంచుకు భయపడటమేమిటని ఆమె ధీమా. ఆ ధీమా డెబ్భై తొమ్మిది జనవరిలో, ఒక శనివారం సాయంత్రం, కాలు జారి పడింది. జారింది ఆమె కాలు కాదు, ఆమె భర్త దేవకుమార్‌ది.

ఆదివారం ఆరాధనకు ముందు రోజు గడప, మెట్లు కడగడం ఆమె పుట్టింటి అలవాటు. అవి కడగనిదే ఆమెకు ఆదివారం వచ్చినట్టుండదు. ఫార్మింగ్టన్ హిల్స్‌లో వాళ్ళ అద్దె ఇంటికి నాలుగు సిమెంటు మెట్లున్నాయి. వాటి మీద బూట్ల మురికి చూసి ఉండబట్టలేక, రెండు బకెట్ల వేణ్ణీళ్ళు పోసి చీపురుతో రుద్ది రుద్ది కడిగింది. మెట్లు తళతళలాడాయి. పావుగంట తర్వాత ఇంకా తళతళలాడాయి. ఓవర్‌టైమ్ ముగించుకుని వచ్చిన దేవకుమార్ పై మెట్టు మీద కాలు పెట్టి, కింది మెట్టు దగ్గర తేలాడు. కుడికాలు రెండు చోట్ల విరిగింది. తొడ దాకా సిమెంటు కట్టు వేసి, మూడు నెలలు కారు నడపకూడదన్నారు.

ఆ ఇంట్లో కారు నడిపేది ఆయనొక్కడే. ప్రేమజ్యోతికేమో ఫిబ్రవరిలో స్టేట్ బోర్డు పరీక్ష. బందరులో ఎన్నేళ్ళు చేస్తేనేం, ఇక్కడ అది పాసైతేనే నర్సు. డెట్రాయిట్ డౌన్‌టౌన్‌లో రెండు రోజులు, ఐదు పేపర్లు. ఇక్కడి ఆసుపత్రిలో పనిచెయ్యడానికి ఆమెకున్న తాత్కాలిక అనుమతి వసంతం దాకే. ఫిబ్రవరి తప్పితే మళ్ళీ జూలైలోనే పరీక్ష, అందాకా ఉద్యోగం ఆగదని హెడ్ నర్సు మొహం మీదే చెప్పేసింది.

తప్పు తనదే అని ఆమెకు తెలుసు. రెండు రోజులు వంటింట్లో ముక్కు చీదుతూ గడిపింది. మూడో రోజున కారు తాళాలు తీసుకుంది. వేసవిలో దేవకుమారే దగ్గరుండి ఆమె చేత డ్రైవింగ్ లైసెన్సు తీయించాడు. ఆ తర్వాత మాత్రం స్టీరింగు ముట్టుకోనిచ్చిన పాపాన పోలేదు. పరీక్షకు తీసుకెళ్తానని తెలుగు చర్చి సంఘం పెద్ద సత్యానందం గారు మాటిచ్చారు. ఆయన మాట మీద ఆమెకు నమ్మకముంది గానీ, ఆయన కారు మీద లేదు.

నెల రోజులు, డ్యూటీ లేని ప్రతి మధ్యాహ్నం, చర్చి వెనకున్న ఖాళీ పార్కింగ్ లాట్‌లో ఆమె చక్కర్లు కొట్టింది. కట్టు వేసిన కాలు వెనక సీటంతా చాపుకుని దేవకుమార్ గురువుగారి అవతారమెత్తాడు. బ్రేకు తొక్కవద్దంటాడు, తొక్కమంటాడు, అయ్యో ప్రభువా అంటాడు. ఒకరోజు ఆమె కారు ఆపి, అరిస్తే ఇక్కడే దించేసి పోతానని నెమ్మదిగా చెప్పింది. చలి బాగా ఉంది కనక ఆయన ఊరుకున్నాడు. జారే కారును ఎలా పట్టాలో ఆమెకు ఆ నిశ్శబ్దంలోనే తెలిసొచ్చింది. ఫిట్సు వచ్చిన రోగిని అదిమి పట్టకూడదు, పక్కనే ఉండి తల మాత్రం కాపాడాలి. ఇదీ అంతే. వెనక భాగం ఎటు జారితే స్టీరింగు అటే కాస్త తిప్పాలి, బ్రేకు జోలికి పోకూడదు, ఓపిక పట్టాలి.

వెనక చక్రాలకు పట్టు దొరకాలంటే డిక్కీలో ఇసుక బస్తాలు వేసుకోమని పక్కింటి ముసలాయన సలహా ఇచ్చాడు. ఇసుక ఎందుకనుకుని ప్రేమజ్యోతి రెండు బియ్యం బస్తాలు వేసింది. అవి నెలలో రెండో ఆదివారం జరిగే తెలుగు ఆరాధన తర్వాత అందరికీ పెట్టే భోజనాల కోసం తెచ్చినవి.

పరీక్ష నాటి తెల్లవారుజామున మంచువాన మొదలైంది. మంచయితే తవ్వి పోసుకోవచ్చు. ఇది వానలా పడి, తగిలిన చోటల్లా గాజులా గడ్డకట్టుకుపోతుంది. ఐదింటికి సత్యానందం గారు ఫోన్ చేశారు. కారు వాళ్ళ సందు దాటకుండానే కాలవలోకి జారిందట. ఆయన గొంతులో నిజమైన బాధ ఉంది.

"ఈసారికి వదిలెయ్, జ్యోతీ," అన్నాడు దేవకుమార్. "జూలైలో రాద్దువుగాని. ప్రాణం కంటే ఎగ్జామ్ ఎక్కువా?"

"జూలైకి జాబ్ ఉండదండీ. మీ కాలు నా మూలాన విరిగింది. ఇది కూడా నా మూలాన పోతే నా మొహం నేనే చూసుకోలేను."

ఆయన ఇంకేదో అనబోయేలోగా ఆమె కోటు తొడుక్కుంది.

హైవే మూసేశారని రేడియోలో చెప్పారు. గ్రాండ్ రివర్ రోడ్డు పట్టుకుంటే డౌన్‌టౌన్ దాకా ఒకటే దారి, ఇరవై మైళ్ళ పైమాటే. మనిషి పరుగెత్తితే దాటేసేంత నెమ్మదిగా నడిపింది. మూడుసార్లు కారు వెనక భాగం పక్కకు వెళ్ళింది. మూడుసార్లూ ఆమె బ్రేకు ముట్టుకోలేదు. గంటన్నర బాగానే గడిచింది. ఆ తర్వాత ఒక రైలు వంతెన వచ్చింది. దాని కింద రోడ్డు దిగి మళ్ళీ ఎక్కుతుంది. దిగడం సులువుగానే దిగింది. ఎక్కేటప్పుడు చక్రాలు గిర్రున తిరిగాయే గానీ కారు అంగుళం కదల్లేదు.

చుట్టూ నరమానవుడు లేడు. పరీక్ష ఎనిమిదిన్నరకు, గడియారంలో ఏడుంబావు. దిగి డిక్కీ తెరిచింది. పార లేదు, ఇసుక లేదు. బియ్యం ఉన్నాయి.

అక్కడ ఆమె ఆగింది. నేల మీద పడ్డ గింజను ఏరి కళ్ళకద్దుకునే ఇంట్లో పుట్టింది. ఉప్పెన తర్వాత సహాయం లారీ మీంచి బస్తా చిరిగితే, బురదలో కలిసిన బియ్యాన్ని ఆడవాళ్ళు ఒక్కొక్క గింజే ఏరుకోవడం కళ్ళారా చూసింది. ఆ బియ్యం తీసి కారు చక్రాల కింద పోయాలా? పైగా ఇవి సంఘం బియ్యం. "ప్రభువా, క్షమించు," అని పైకే అనుకుని, బస్తా మూతి పళ్ళతో కొరికి విప్పింది. రెండు చక్రాల ముందూ దోసిళ్ళతో పోసింది. ఖాళీ అయిన గోనెను రెండుగా చించి వాటి మీద పరిచింది. ఏడుస్తూనే చేసింది, కానీ చేతులు ఆపలేదు. రెండో ప్రయత్నానికి చక్రాలు గోనెను కరుచుకున్నాయి. కారు మూలుగుతూ పైకెక్కింది.

హాలు తలుపులు ఇంకో పది నిమిషాల్లో మూస్తారనగా లోపల అడుగుపెట్టింది. సగం కుర్చీలు ఖాళీ. వేళ్ళు కొయ్యబారి పెన్సిలు నిలవలేదు. చంకల్లో పెట్టుకుని వెచ్చ చేసుకుని మొదలుపెట్టింది.

రెండో రోజు వాన లేదు గానీ రోడ్డు అలాగే ఉంది. పొద్దున్నే ఆమె ఇంట్లోంచి బయటికి వచ్చేసరికి దేవకుమార్ అప్పటికే వెనక సీట్లో కాలు చాపుకుని, ఒళ్ళో పార పెట్టుకుని కూర్చున్నాడు. ఆ కట్టుతో ఆయన తవ్వేదేమీ లేదని ఇద్దరికీ తెలుసు. ఆమె వద్దనలేదు. డౌన్‌టౌన్ దాకా ఆయన ఒక్కసారి కూడా బ్రేకు మాట ఎత్తలేదు. సాయంత్రం దాకా ఆ చలిలో, దుప్పట్లో మూట కట్టుకుని, కారులోనే ఆమె కోసం కూర్చున్నాడు.

ఆ ఆదివారం ఆమె సంఘం ముందు నిలబడి బియ్యం సంగతి దాచకుండా చెప్పింది. మిగిలిన ఒక్క బస్తా చాలక, ఆ రోజు భోజనాల్లో బంగాళాదుంపలు కూడా వండారు.

ఉత్తరం ఏప్రిల్ మొదటి వారంలో వచ్చింది. ఐదు పేపర్లూ పాసు. వచ్చే సోమవారం నుంచి ఆమె ఇక్కడ కూడా నర్సు. ఈలోగా దేవకుమార్ కట్టు విప్పారు, కారు నడపవచ్చన్నారు. చలి వెళ్ళిపోయిందని అందరూ కోట్లు లోపల పెట్టేసుకున్న ఆ రోజుల్లోనే, సరిగ్గా ఆ సోమవారం తెల్లారేసరికి జానెడు మంచు కురిసింది.

ఆయన తాళాలు తీసుకుని కుంటుకుంటూ బయటికి నడిచాడు. అద్దాల మీది మంచంతా గీకాడు. డ్రైవర్ వైపు తలుపు తెరిచి పట్టుకుని, తాళాలు ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వే డ్రైవ్ చెయ్యి, జ్యోతీ. మంచులో నీకు చెయ్యి తిరిగినంత నాకు తిరగలేదు," అని అటు తిరిగి వెళ్ళి, పక్క సీట్లో కూర్చున్నాడు.