పోలీసులు టీ తాగే పేజీలు

మా బావగారు పోలిరాజు ఏ హంతకుణ్ణయినా ముప్పయ్యో పేజీకల్లా తేల్చేస్తారు. నలభై మూడు డిటెక్టివ్ పుస్తకాల్లో ఒక్కసారి కూడా అసలువాణ్ణి పట్టలేదు.

ఆయన మా ఆయనకి అన్నగారు. పోర్టులో ముప్పై ఏళ్ళు క్రేను నడిపి రిటైరయ్యారు. వన్ టౌన్‌లో మా ఇంటికీ వాళ్ళింటికీ ఒకటే గోడ. చుట్ట లేదు, పేకాట లేదు. వరసగా హత్యలు జరగాలి, డిటెక్టివ్ రావాలి. పుస్తకంలో ఒక్క శవమే ఉంటే, "ఇదేటి, ఈపాటి దానికి డిటెక్టివెందుకు? కానిస్టేబుల్ సాలు" అని అద్దె పుస్తకాల కొట్లో తిరిగిచ్చేసేవారు.

ఓసారి చేపలమ్మే చిట్టెమ్మ ఆరబెట్టిన పండుగప్ప పోయింది. బావగారు అది పడున్నచోట సుద్దముక్కతో చేప ఆకారం గీసి, వీధిలో ఎవరినీ కదలనివ్వలేదు. చివరికి గ్యాసు బండలు వేసే అబ్బాయే దొంగ అని తేల్చారు. అలా తేలుస్తున్నంతసేపూ పిల్లి ఆయన కాళ్ళ దగ్గరే కూర్చుని మూతి నాక్కుంటోంది.

మా ఆయన సముద్రంలోకి చేపల వేటకెళ్ళారు. బోటు వచ్చింది, మనిషి రాలేదు. తర్వాత మూడు నెలలు నాకు నోట మాట లేదు. ఎవరేమడిగినా తలూపడమే. ఒక మధ్యాహ్నం బావగారు వచ్చి, అట్ట చిరిగిన పుస్తకం ఒకటి గుమ్మంలో పెట్టారు.

"కళ్ళకి పొరలొచ్చీసేయమ్మా. అచ్చరం కనబడ్డం లేదు. కాస్త సదివిపెట్టు."

నా చదువు ఐదో తరగతి. పైగా మా ఇళ్ళల్లో మరదలు బావగారి ఎదట నిలబడి మాట్లాడదు. అందుకని ఆయన అరుగు మీద వీధి వైపు తిరిగి కూర్చునేవారు. నేను తలుపు కర్టెన్ వెనక కూర్చుని, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివేదాన్ని. దారినపోయేవాళ్ళకి ముసలాయనొక్కరే కనిపించేవారు. "పీక కోసి గోనెసంచిలో కుక్కి" అని కర్టెనే మాట్లాడుతున్నట్టుండేది.

"ఆగమ్మా! తెలిసిపోనాది. మూడో శవమే హంతకుడు."

"సచ్చినోడెలా సంపుతాడు బావగారూ?"

"అదే గదమ్మా ఆడి తెలివి!"

వంటవాడన్నారు, డాక్టరన్నారు, ఒకసారి డిటెక్టివే అన్నారు. కాదని నేను వాదించేదాన్ని. మళ్ళీ నాకు మాట వచ్చిందని కూడా నేను గమనించలేదు.

ఆ పుస్తకాలకో జబ్బుండేది. మధ్యలో రెండు మూడు పేజీలు అన్నం మెతుకులతో అతికించి ఉండేవి. ఊడదీయబోతే బావగారు వీపుతోనే కనిపెట్టేసేవారు.

"దాటీయమ్మా. అక్కడేటీ నేదు. పోలీసులు టీ తాగుతారంతే."

"నిన్నటి పుస్తకంలోనూ టీయే కదా?"

"గవర్మెంటు డూటీ కదమ్మా, మరి."

మా ఆయన సంవత్సరీకం ఇంకొక్క రోజుందనగా బావగారు ఐదు హత్యల పుస్తకం పట్టుకొచ్చారు. చేపల గంపతో పోతున్న చిట్టెమ్మ మా గుమ్మం ముందు ఆగింది.

"ఏటే, రేపు మొగుడి సంవచ్చరీకం ఎట్టుకుని ఇయ్యేళ కూడా పీకలు కోయడవేనా?"

కుళాయి దగ్గర ఆడవాళ్ళంతా ఇటే చూశారు. నా తల కొట్టేసినట్టయింది. ఆ సిగ్గంతా బావగారి మీదకి తిరిగింది. కర్టెన్ లాగేసి, పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆయన మొహంలోకి చూసి అరిచాను.

"మీ తమ్ముడు పోయి ఏడాది తిరగలేదు! సావులంటే అంత ముచ్చటా మీకు? ఇంక నా గుమ్మం తొక్కకండి!"

ఆయన లేచి నిలబడ్డారు. "తప్పయిపోనాదమ్మా," అని వెళ్ళిపోయారు. కంగారులో ఒక కాలికి ఆయన చెప్పు, ఇంకో కాలికి మా ఆయన చెప్పు. సంవత్సరీకం నాడు కూడా గుమ్మం తొక్కలేదు. నాలుగు రోజులు అరుగు ఖాళీగా ఉంది.

ఐదో రోజు, వదిలేసిన పుస్తకానికి చీమలు బారులు తీరాయి. దులిపాను. మెతుకులన్నీ చీమలు తినేశాయేమో, అతుకు ఊడి పేజీలు తెరుచుకున్నాయి.

పోలీసులు లేరు, టీ లేదు. ఒడ్డుకి కొట్టుకొచ్చిన శవం ఉంది. దాని పక్కన కూలబడిన భార్య ఉంది.

ఇంట్లో ఇంకో రెండు పుస్తకాలుంటే కత్తితో విడదీశాను. ఒకదాంట్లో పడవ మునక. ఇంకోదాంట్లో ఖాళీగా తిరిగొచ్చిన బోటు.

గోడ అవతల తోటికోడలు నూకాలక్క బియ్యం ఏరుతోంది.

"అక్కా, బావగారికి కళ్ళు..."

"మీ బావ కళ్ళకేటి? లైట్‌హౌసు మీద కాకి వాల్తే, ఆడో మగో సెప్తాడు. నీకిచ్చే ముందు పుస్తకం మొత్తం సదివి, సంద్రం వొచ్చిన కాడల్లా నా అన్నం గిన్నిలో సెయ్యి ఎడతాడు."

"మరి ప్రతిసారీ తప్పు చెప్తారేటి?"

"తప్పు సెప్తేనే నువ్వు కాదంతావట. మొదటి రోజు ఇంటికొచ్చి, 'మరదలు నాతో దెబ్బలాడిందే నూకాలూ' అని ఆనందంతో రెండుసార్లు భోంచేశాడు."

గోడకి మొహం పెట్టుకుని నిలబడ్డాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ ఆ గోడ దగ్గరే నిలబడ్డట్టుంది.

మర్నాడు మధ్యాహ్నం పుస్తకం తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. బావగారు నన్ను చూసి, గబుక్కున వీధి వైపు తిరిగిపోయారు. తలుపు వెనక కూర్చుని చదవడం మొదలుపెట్టాను. అతికించిన పేజీలు వచ్చాయి. చీమలు తిన్నచోట ఆ పొద్దున నేనే మళ్ళీ మెతుకులు పెట్టాను.

"ఇక్కడ పోలీసులు టీ తాగుతన్నారు బావగారూ."

ఆయన భుజం మీది తుండు చేతిలోకి తీసుకున్నారు.

"తాగనీయమ్మా," అన్నారు. "అయిదు హత్యలు. పాపం, అలిసిపోయుంతారు." తర్వాత తుండుతో మొహం తుడుచుకున్నారు. "తెలిసిపోనాది. హంతకుడు వంటోడు."

"కాదు. ఆడు రెండో పేజీలోనే సచ్చిపోయాడు."

"అదే గదమ్మా ఆడి తెలివి!"